బాడీ కంపోజిషన్ రిపోర్టులో అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఉదయం విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో నడిచేవాళ్ల కబుర్లు కాసేపు వింటే చాలు, బరువు సంగతి పాతబడిందని తెలిసిపోతుంది. ఇప్పుడు అడిగేది "ఫ్యాట్ పర్సెంట్ ఎంతొచ్చింది?", "నీ బీఎంఆర్ ఎంత?" అని. బీఎంఆర్ అంటే ఊరికే పడుకున్నా ఒళ్లు ఖర్చు చేసే కేలరీలు. జిమ్‌లోనో, డైటీషియన్ దగ్గరో ఒక మిషన్ మీద నిమిషం నిలబడితే పేజీ నిండా అంకెలతో రిపోర్ట్ చేతికొస్తుంది. కొవ్వు 28.1 శాతం, కండ ఇన్ని కిలోలు, రోజుకు ఇన్ని కేలరీలు. వారం తిరిగాక వేరేచోట చూపిస్తే 24 శాతమే అంటుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఈ అంకెల మీద ఆసక్తి ఊరికే పెరగలేదు. 2025 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రిక తరఫున ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల బృందం, స్థూలకాయాన్ని బీఎంఐ ఒక్కదానితో తేల్చడం సరికాదని చెప్పింది. అదే నెలలో మన దేశపు నిపుణులూ భారతీయుల కోసం కొత్త నిర్వచనం ఇచ్చారు. మార్చిలో బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన మార్కెట్లోకి వచ్చింది. "తగ్గేది కొవ్వా, కండా?" అన్న ప్రశ్న ఇంటింటికీ చేరింది.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహా మనిషిని తీసుకుందాం. గాజువాకలో ఉండే ఆఫీసు ఉద్యోగి, వయసు 42, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు, నడుం చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. ఈ నాలుగు తప్ప ఆయన రిపోర్టులో కనిపించే మిగతావన్నీ దాదాపు అంచనాలే.

బీఎంఐ: కొలవడం సులువు, చెప్పేది తక్కువ

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ. మన ఉద్యోగికి 72ని 1.68తో, వచ్చినదాన్ని మళ్లీ 1.68తో భాగిస్తే 25.5. ఈ లెక్క 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెట్లే చేసినది. ఆయన చూసింది జనాభా సగటులను, ఒక మనిషి ఆరోగ్యాన్ని కాదు. దానికి బీఎంఐ అన్న పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టారు.

25.5 అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ పట్టిక ప్రకారం కొంచెం అధిక బరువు. అదే భారతీయుల కోసం 2009లో మన వైద్యులు ఒప్పుకున్న హద్దుల ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. అంటే పట్టిక మారితే ఆయన పేరు పక్కన రాసే మాట మారిపోతుంది. ఆయన ఒంట్లో మాత్రం ఏమీ మారలేదు.

హద్దు ఎందుకు తగ్గించారంటే, అదే బీఎంఐ దగ్గర మనవాళ్లలో కొవ్వు ఎక్కువగా, అదీ పొట్ట దగ్గర, పోగుపడుతుంది. దీన్ని అందరికీ గుర్తుండేలా చూపించింది 2004లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ఫొటో. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

దీనికి తలకిందులైన ఉదాహరణ నేవీ నుంచి వచ్చింది. నేవీ ఊరైన విశాఖకు అది చెప్పుకోదగ్గ కథే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీళ్లలో ముంచి తూచాడు. ఎత్తు, బరువు పట్టికల ప్రకారం సైన్యంలో చేరడానికి పనికిరానంత బరువున్నవాళ్లలో చాలామందికి కొవ్వు తక్కువేనని తేలింది. బరువంతా కండే.

అయితే బీఎంఐని చెత్తబుట్టలో వేయమనే వాదనకు ఎదురు వాదన కూడా ఉంది. కోట్లమంది మీద సర్వే చేయాలంటే త్రాసు, టేపు చాలు, ఖర్చు లేదు, ఎవరు కొలిచినా దాదాపు ఒకే అంకె వస్తుంది. జనాభా స్థాయిలో అది షుగర్, గుండె జబ్బుల ముప్పును బాగానే పట్టిస్తుంది. 2025 నాటి లాన్సెట్ బృందం కూడా బీఎంఐని తీసేయలేదు. దాన్ని మొదటి వడపోతగా ఉంచి, నడుం కొలతతోనో, కొవ్వును నేరుగా కొలిచే పద్ధతితోనో ధ్రువీకరించుకోమంది. నా దృష్టిలో మన ఉద్యోగి విషయంలో అన్నిటికంటే ఎక్కువ చెబుతున్న అంకె ఆ 94 సెంటీమీటర్ల నడుమే. భారతీయ పురుషులకు హద్దు 90, మహిళలకు 80. కానీ టేపు కొలతకు రంగుల రిపోర్ట్ రాదు కదా, దానిమీద ఎవరికీ మోజు లేదు.

మిషన్ మీద నిలబడినప్పుడు జరిగేది

జిమ్ముల్లో ఉండే మిషన్ పనిచేసే పద్ధతిని బయో ఎలక్ట్రికల్ ఇంపీడెన్స్ అంటారు. పాదాల దగ్గరి, చేతుల దగ్గరి లోహపు పలకల నుంచి మనకు తెలియనంత చిన్న కరెంటును ఒంట్లోకి పంపుతుంది. నీరు, ఉప్పు ఉన్న కండలోంచి కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వు అడ్డుకుంటుంది. మిషన్ నిజంగా కొలిచేది ఆ అడ్డును మాత్రమే. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి లోపల నీళ్లెన్నో చెప్పేవాడి నైపుణ్యం లాంటిదే ఇదీ. అనుభవం ఉంటే బాగానే చెబుతాడు, కానీ కాయ పగలగొట్టి చూసింది లేదు.

ఆ అడ్డు నుంచి కొవ్వు శాతం దాకా మధ్యలో మూడు మెట్లున్నాయి. అడ్డు, ఎత్తు, వయసు, ఆడా మగా అన్నవి ఒక సూత్రంలో పెట్టి ఒంట్లో నీరెంతో అంచనా వేస్తారు. కొవ్వు కాని బరువులో, అంటే కండ, ఎముక, అవయవాలు, నీరు అన్నీ కలిపినదానిలో, 73 శాతం నీరుంటుందని అనుకుంటారు. అలా తేలిన కొవ్వు కాని బరువును మొత్తం బరువులోంచి తీసేస్తే మిగిలేది కొవ్వు. కొవ్వును మిషన్ నేరుగా చూడనే లేదు, తీసివేతలో మిగిలిందే కొవ్వు.

మన ఉద్యోగి ఒంట్లో నీరు 37.8 లీటర్లని మిషన్ అంచనా వేసిందనుకోండి. 37.8ని 0.73తో భాగిస్తే కొవ్వు కాని బరువు 51.8 కిలోలు. 72లోంచి తీసేస్తే కొవ్వు 20.2 కిలోలు, అంటే 28.1 శాతం. ఇప్పుడు మే నెల ఉక్కపోతలో బీచ్ రోడ్డు మీద గంటన్నర వేగంగా నడిచి, ఒక లీటరు చెమట పోసి, నీళ్లు తాగకుండా వచ్చి మళ్లీ మిషన్ ఎక్కాడనుకుందాం. బరువు 71, నీరు 36.8. అదే లెక్కలో కొవ్వు కాని బరువు 50.4, కొవ్వు 20.6 కిలోలు, 29 శాతం. నడిచి వచ్చిన మనిషికి కొవ్వు పెరిగినట్టు చూపిస్తుంది. అసలు మిషన్ల మీద ఇంకో చిక్కు కూడా ఉంది. వ్యాయామం చేశాక చర్మం వేడెక్కి, రక్తప్రసరణ పెరిగి కరెంటుకు అడ్డు తగ్గుతుంది. కాబట్టి అంకె పైకీ పోవచ్చు, కిందకీ పోవచ్చు. భోజనం, నీళ్లు, చేతికి తగిలే పలకలు ఉన్నాయా లేవా అన్నది కూడా ఫలితాన్ని కదిలిస్తాయి. రెండు చోట్ల చూపించుకుంటే 28, 24 అని రావడానికి ఒక మిషన్ చెడిపోయి ఉండక్కర్లేదు. రెండు కంపెనీల సూత్రాలు వేరు కావడమే చాలు.

రిపోర్ట్ అడుగున ఉండే "విసెరల్ ఫ్యాట్ లెవెల్" ఇంకో మెట్టు దూరం. పొట్ట లోపల, పేగుల చుట్టూ ఉండే కొవ్వును సరిగ్గా చూడాలంటే సీటీ, ఎంఆర్ఐ స్కాన్లు కావాలి. మిషన్ చూపేది వాటితో పోల్చి కట్టిన సూత్రపు ఫలితం. "మెటబాలిక్ ఏజ్" అన్నదానికైతే అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు. 42 ఏళ్ల మనిషికి 51 అని చూపించి కంగారు పెట్టడానికి తప్ప అది దేనికి పనికొస్తుందో నాకు తోచదు.

చర్మం మడత, డెక్సా స్కాన్

మిషన్లు రాకముందు డైటీషియన్ల చేతిలో ఉండేది కాలిపర్, అంటే చర్మాన్ని మడతపెట్టి మందం కొలిచే పటకారు లాంటి పరికరం. చేయి ముందు, వెనుక, భుజం ఎముక కింద, నడుం పైన కొలిచి నాలుగూ కలుపుతారు. ఆ మొత్తం నుంచి శరీర సాంద్రతను చెప్పే పేరున్న సూత్రం 1974 నాటిది, డర్నిన్, వామర్స్లీ కట్టినది. దానికి ఆధారం గ్లాస్గోలో కొలిచిన 481 మంది. సాంద్రత నుంచి కొవ్వు శాతానికి ఇంకో సూత్రం ఉంది. స్కాట్లాండ్ ఒంటి నుంచి పుట్టిన లెక్కను విశాఖ ఒంటికి వేస్తే, చర్మం కింది కొవ్వు సరిగ్గా పట్టినా పొట్ట లోపలిది జారిపోవచ్చు. పైగా పట్టుకునే చేయి మారితే అంకె మారుతుంది.

డెక్సా అంటే ఎముకల బలం చూడటానికి తీసే స్కానే. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలను పంపి, ఏది ఎంత ఆగిందో చూసి ఎముక, కొవ్వు, మిగతా మెత్తటి కణజాలాన్ని విడదీస్తుంది. మామూలుగా వెన్ను, తుంటికి తీసే స్కాన్‌లో ఇది రాదు, ఒళ్లంతా తీయాలి. పరిశోధకులు దీన్ని నమ్మకమైన కొలతగా వాడతారు. అదీ అంచనా లేనిది కాదు. కంపెనీ మారితే డెక్సా అంకె కూడా మారుతుంది.

ఇంజెక్షన్ల చర్చకు ఇదే ఆధారం. ట్రయల్స్‌లో డెక్సా తీసి చూస్తే, తగ్గిన బరువులో మందును బట్టి సుమారు పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కానిదని తేలింది. కొందరు వైద్యులకు, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్ల విషయంలో, ఇది ఆందోళన. ఇంకొందరు చెప్పేదేంటంటే, ఏ పద్ధతిలో బరువు తగ్గినా కొంత కండ పోతుంది, భారీ ఒంటిని మోయాల్సిన అవసరం తగ్గాక అంత కండ అక్కర్లేదు కూడా. ఈ వాదనలో తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. డెక్సా "లీన్" (కొవ్వు కానిది) అని చూపేదంతా కండ కాదు. అందులో నీరు, కాలేయం లాంటి అవయవాలు కూడా ఉన్నాయి. "40 శాతం కండ కరిగిపోయింది" అని ఫోన్లో తిరిగే మెసేజ్ అందుకే అతిశయోక్తి. పట్టు బలం, కుర్చీలోంచి లేచే వేగం చూడకుండా కండ సంగతి పూర్తిగా తేలదు.

పడుకున్నా ఖర్చయ్యే కేలరీలు

రోజువారీ శక్తి ఖర్చులో మూడు భాగాలుంటాయి. ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం నడవడానికి అయ్యేది బీఎంఆర్. తిన్నది అరగడానికి సుమారు పది శాతం. మిగిలింది కదలికలది.

బీఎంఆర్‌ను నిజంగా కొలవాలంటే ముఖానికి గొట్టమో, గోపురం ఆకారపు మూతో పెట్టి, ఎంత ఆక్సిజన్ పీల్చాం, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలాం అన్నది చూడాలి. అది ఎక్కువగా పరిశోధన కేంద్రాల్లో, పెద్ద ఆసుపత్రుల ఐసీయూల్లో జరిగే పని. మిగతా అందరికీ సూత్రాలే గతి. మన ఉద్యోగికి నాలుగు సూత్రాలు వేసి చూద్దాం.

1919లో అమెరికాలో హారిస్, బెనెడిక్ట్ ఇచ్చిన సూత్రంతో 1,613 కేలరీలు. 1990 నాటి మిఫ్లిన్ సూత్రం యాప్‌లలో ఎక్కువగా కనిపించేది. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసుకు ఐదు రెట్లు తీసేసి, మగవాళ్లకు 5 కలపాలి. 720, 1,050 కలిపి 210 తీసి 5 కలిపితే 1,565. ఆడవాళ్లకు 5 కలపడం బదులు 161 తీసేస్తారు. ఐక్యరాజ్యసమితి సంస్థలు వాడిన స్కోఫీల్డ్ సూత్రంతో 1,699. కొవ్వు కాని 51.8 కిలోల మీదే ఆధారపడే కాచ్, మెకార్డిల్ సూత్రంతో 1,489.

అందరికంటే పైన వచ్చిన స్కోఫీల్డ్ దగ్గర కాస్త ఆగాలి. దాని వెనకున్న సమాచారంలో దాదాపు సగం ఇటలీవాళ్లది. అది మన దేశపు ఒళ్లకు ఎక్కువ చూపిస్తోందని గమనించి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2010 లెక్కల్లో ఐదు శాతం తగ్గించింది. 2020లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి ఇచ్చిన లెక్కలు ఇంకా కిందకి దిగాయి. కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2,110 కేలరీలన్నారు. దాన్ని, బీఎంఆర్ నుంచి రోజు మొత్తం ఖర్చు తేల్చడానికి వాళ్లు వాడిన 1.4 గుణకంతో భాగిస్తే బీఎంఆర్ 1,507. అదే బరువున్న 30 ఏళ్లలోపు మనిషికి స్కోఫీల్డ్ 1,671 ఇస్తుంది. తేడా దాదాపు పది శాతం. కూర్చుని పనిచేసే 55 కిలోల మహిళకు 2010లో 1,900 కేలరీలు, 2020లో 1,660. ఆవిడ తిండీ మారలేదు, ఒళ్లూ మారలేదు, పుస్తకంలో 240 కేలరీలు పోయాయి.

భారతీయుల ఒళ్లు నిజంగానే తక్కువ ఖర్చు చేస్తుందా? బెంగళూరు పరిశోధకులు ఒకప్పుడు దీన్ని తరచి చూశారు. కిలో బరువుకు లెక్కేస్తే తేడా కనిపిస్తుంది, కొవ్వు కాని బరువుకు లెక్కేస్తే చాలావరకు మాయమవుతుంది. అంటే ఇది జాతి గుణం కంటే ఒంట్లో కండ పాలు తక్కువ కావడమే అన్న వైపే నేను మొగ్గుతాను. వాతావరణం, చిన్నప్పటి పోషణ కూడా కారణాలే అనేవాళ్లున్నారు.

కండ పెంచితే కూర్చున్నచోటే కేలరీలు కరిగిపోతాయన్న జిమ్ మాటనూ ఇక్కడే తూచవచ్చు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు, కిలో కొవ్వు నాలుగున్నర. మెదడు కిలోకు 240, గుండె, మూత్రపిండాలు 440 చొప్పున. బరువులో చిన్న భాగమైన ఈ అవయవాలు, కాలేయంతో కలిసి, విశ్రాంతి ఖర్చులో సగానికి పైగా తినేస్తాయి. కండకు వేరే లాభాలు బోలెడు, కానీ రెండు కిలోల కండకు వచ్చేది రోజుకు 26 కేలరీలే.

ఒకటే మాట, రెండు గుణకాలు

బీఎంఆర్ సూత్రాల మధ్య గొడవ 200 కేలరీలది. అసలు తేడా ఆ తర్వాత వస్తుంది, కదలికల గుణకం దగ్గర. యాప్‌లో "సెడెంటరీ" (కూర్చుని పనిచేసేవాళ్లు) అని నొక్కితే చాలాచోట్ల 1.2తో గుణిస్తారు. 1,565కి 1,878 వస్తుంది. ఐసీఎంఆర్ సెడెంటరీ 1.4 కాబట్టి 2,191. మాట ఒకటే, మనిషీ ఒకడే, 313 కేలరీలు తేడా. కొవ్వు శాతం ఒకటి అటూ ఇటూ అయిందని బాధపడేవాళ్లు ఈ పెట్టెలో ఏది నొక్కామో చూసుకోరు.

పైగా ఉద్యోగం పేరును బట్టి గుణకం తేలదు. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి అంటే కంట్రోల్ రూమ్‌లో కుర్చీలో ఉండేవాడు కావచ్చు, కోక్ ఒవెన్ దగ్గర వేడిలో నిలబడేవాడు కావచ్చు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే గంపలు మోసే 55 కిలోల మహిళకు ఐసీఎంఆర్ భారీ శ్రమ లెక్క 2,720 కేలరీలు. అదే బరువుతో షాపులో కూర్చునే ఆవిడకు 1,660. కానీ చేపలావిడ మధ్యాహ్నానికి బేరం ముగించి ఇంటికెళ్తే, ఆ 2,720 కూడా ఎక్కువే కావచ్చు.

రోజు మొత్తం ఖర్చును నిజంగా కొలిచే దారి ఒకటుంది. మామూలు వాటికంటే బరువైన రకం హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్న నీళ్లు తాగించి, కొన్ని రోజులు మూత్రంలో అవి ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూస్తారు. ఈ పద్ధతితో 29 దేశాల్లో ఆరు వేల మందికి పైగా జనం సమాచారాన్ని కలిపి 2021లో ప్రచురించారు. ఒంటి పరిమాణాన్ని సరిచేశాక 20 నుంచి 60 ఏళ్ల దాకా శక్తి ఖర్చు దాదాపు స్థిరంగా ఉంది. "నలభై దాటితే మెటబాలిజం పడిపోతుంది" అన్న మాటకు అది పెద్ద దెబ్బే. ఆ బృందంలోని హర్మన్ పాంట్జర్ ఇంకో వాదన కూడా చేస్తారు: వ్యాయామం పెంచితే ఒళ్లు వేరేచోట పొదుపు చేసుకుని మొత్తం ఖర్చును ఒక హద్దులో ఉంచుతుందని. దీన్ని అందరూ ఒప్పుకోలేదు.

గిరిప్రదక్షిణ చేస్తే ఎంత కొవ్వు కరుగుతుంది

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా తిరిగి కొండకు చేరేసరికి చాలామంది రాత్రంతా నడుస్తారు. చదునైన రోడ్డు మీద నడకకు, విశ్రాంతి ఖర్చు కాకుండా, కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు అర కేలరీ. 72 కిలోలకు 32 కిలోమీటర్లంటే 1,152 కేలరీలు. కిలో కొవ్వు 7,700 కేలరీలని తీసుకుంటే అది 150 గ్రాములు. మర్నాడు త్రాసు రెండు కిలోలు తక్కువ చూపిస్తే, మిగతాది చెమటే. దారి పొడవునా ఇచ్చే పులిహోర, మజ్జిగ లెక్కలోకి తీసుకోలేదు, దేవుడి ప్రసాదానికి లెక్కలేంటని.

7,700 సూత్రం ఎక్కడ తప్పుతుంది

ఆ 7,700 సంఖ్య ఒక్క రాత్రి నడకకు పనికొస్తుంది. ఏళ్ల తరబడి లాగితే పనికిరాదు. మన ఉద్యోగి రోజుకు 150 కేలరీలు తగ్గించాడనుకుందాం, పంచదార వేసిన రెండు మూడు కప్పుల టీ మానేస్తే దాదాపు అంత. ఏడాదికి 54,750 కేలరీలు, 7,700తో భాగిస్తే 7.1 కిలోలు. అదే లెక్క ఐదేళ్లు నడిపితే 72 కిలోల మనిషి 36 కిలోలకు వస్తాడు. టీ మానేసి ఎవరూ అలా చిక్కిపోలేదు.

బరువు తగ్గేకొద్దీ చిన్నదైన ఒంటికి ఖర్చూ తగ్గుతుంది, అందువల్ల లోటు మూసుకుపోతుంది. 2011లో కెవిన్ హాల్ బృందం దీన్ని లెక్కలో పెట్టింది. సగటున రోజుకు 24 కేలరీల శాశ్వత మార్పుకు చివరికి ఒక కిలో, అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు అంతా మూడేళ్లలో. మన ఉద్యోగి 150 కేలరీలను 24తో భాగిస్తే ఆరు కిలోల చిల్లర. మొదటి ఏడాది మూడు కిలోలు తగ్గి, తర్వాత నెమ్మదించి, మూడో ఏడాది చివరికి 66 దగ్గర ఆగుతాడు. అక్కడే ఉండాలంటే ఆ టీలు మళ్లీ మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఆ 150 కేలరీలు ఇప్పుడు లోటు కాదు, 66 కిలోల ఒంటికి అక్కర్లేని తిండి.